తెర మీద తొమ్మిది, కాగితం మీద పదహారు

"ఒకటే వ్యాసం మిస్! మీరు ఇరవైకి తొమ్మిది వేశారు. సార్ పదహారు వేశారు. ఇదెక్కడి దిద్దుడు?"

కర్లన్ బెయిన్ సంచీ అయినా దించకుండా గడపలోనే గొడవకు దిగాడు. గ్వావ్ ఊరి చేపల రేవు నుంచి కొండెక్కి వచ్చేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వెర్లిన్ మిస్ అతని మొహం చూసి, ముందు కోకో టీ చేతికిచ్చింది.

ఈ ఏడాది బోర్డు పరీక్ష పెట్టింది పిల్లలకే కాదు, దిద్దేవాళ్లకు కూడా. అవే యాభై వ్యాసాలు వెర్లిన్ మిస్‌కి కంప్యూటర్ తెర మీద, ఆవిడ భర్త ఇగ్నేషియస్ సార్‌కి కాగితాల మీద. ఒకరి మార్కులు ఒకరు చూడకూడదు. ఇద్దరి మార్కులూ దగ్గరదగ్గరగా ఉంటే ఇద్దరూ ఉంటారు, లేకపోతే ఒకరు ఇంటికి పోతారు. యాభైలో ముప్పై రెండింటికి పొంతనే లేదు. ఎవర్ని పంపాలో తేల్చే పని బోర్డు ఉద్యోగి కర్లన్ నెత్తిన పడింది. ఇద్దరూ అతనికి అక్షరాలు దిద్దించినవాళ్లే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"ఏ వ్యాసంరా అది?" వరండాలో కూర్చున్న సార్ అడిగాడు.

"ఆ పిల్లాడి అమ్మమ్మ చర్చి టోపీని మేక తినేసిందే, అది."

సార్ పకపకా నవ్వాడు. "'టోపీలో మిగిలింది పువ్వొక్కటే. అమ్మమ్మ మేకను తిట్టి, ఆ పువ్వునే తల్లో పెట్టుకుని చర్చికి వెళ్లింది' అన్నాడు చూడూ! వాడికి పదహారు ఇవ్వకపోతే పాపం తగుల్తుందిరా."

"పువ్వు సరే, కామాలేవీ?" అంది మిస్. "తెర మీద ఒక్కో తప్పూ చింతకాయంత కనబడుతుంది. లెక్కపెట్టాను. పద్నాలుగు."

"చూశావురా? పిల్లికి బిచ్చం పెట్టదు."

"నువ్వు ఊరుకో ఇగ్గీ!"

కర్లన్ సంచీలోంచి సీలు వేసిన కవరు తీశాడు. "చీఫ్ ఎగ్జామినర్ విడిగా దిద్ది వేసిన మార్కులు ఇందులో ఉన్నాయి. వీటికి ఎవరివి దూరంగా ఉంటే వాళ్లే పోవాలి. నా చేతుల్లో ఏమీ లేదు."

పోయేది సారేనని అతనికి గట్టి నమ్మకం. డెబ్భై నాలుగేళ్లు, పైగా కాగితం వదలనని మొండికేసిన మనిషి. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక దారంతా కుమిలిపోతూనే వచ్చాడు.

మిస్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఏం తేలినా ఆయన్ని మాత్రం తీసెయ్యకు నాయనా. ముప్పై ఒక్క ఏళ్లుగా చేస్తున్న పని. అది పోతే మనిషి మంచం పట్టేస్తాడు."

కర్లన్ కవరు చింపాడు. మేక వ్యాసానికి చీఫ్ వేసింది పదహారు. కింద వ్యాసం చూశాడు. దాని కిందిది చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ మొదట్నుంచి చూశాడు. సార్ మార్కులు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. మిస్ ఒకచోట నాలుగు తగ్గించింది, ఇంకోచోట ఏడు తగ్గించింది.

"మిస్... పోవాల్సింది మీరు."

ఆవిడ మొహం చాటంత అయింది. "బతికించావు. సంతకం ఎక్కడ పెట్టమంటావు?"

ఉద్యోగం ఊడితే ఇంత సంబరపడే మనిషిని కర్లన్ ఎక్కడా చూడలేదు. సార్‌ని తీసేయక్కర్లేదన్న హుషారులో అతనికీ నోరు ఆగలేదు. "అప్పుడప్పుడూ సార్ పక్కన కూర్చోండి మిస్. వ్యాసం ఎలా దిద్దాలో తెలుస్తుంది."

"అలాగే బాబూ," అని ఆవిడ బుద్ధిగా కలం అందుకుంది.

అప్పటిదాకా నవ్వుతూ కూర్చున్న సార్ లేచాడు. గోడ తడుముకుంటూ లోపలికొచ్చి, బల్ల మీద వెతికి వెతికి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"సంతకం పెట్టకు వెర్లిన్. ఒరేయ్ కర్లన్, నాకు చూపు పోయి రెండేళ్లయింది. ఈవిడ ఒక్కొక్కటీ పైకి చదువుతుంది, నేను వింటాను. ఆ కాగితాల మీద మార్కులు వేసింది కూడా ఈవిడేరా."