మైకు బాబాయ్ సాక్ష్యం

"సాక్ష్యాలు ఏమైనా ఉన్నాయా?" అని పాస్టర్ గారు అడగడమే ఆలస్యం, మైకు బాబాయ్ లేచి నిలబడ్డాడు. వరసగా ఇది నాలుగో ఆదివారం.

బాబాయ్ వృత్తిరీత్యా ఎలక్ట్రీషియన్. మందిరంలో ఫ్యాన్లు, లైట్లు, మైకు సెట్టు అన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి. అయితే ఒకసారి మైకు చేతికొచ్చిందంటే మళ్ళీ దాన్ని విడిపించడం పాస్టర్ గారి తరం కూడా కాదు. ఆ పేరు ఊరికే రాలేదు.

పొద్దున్న బయల్దేరేటప్పుడు భార్య మళ్ళీ బతిమాలింది.

"ఆ రోడ్డు సంగతి ఇంక వదిలెయ్యండి. చేసింది దేవుడి కోసం. ఆయన చూశాడు. అది చాలు."

"నీకు తెలీదులే. నలుగురికీ తెలిస్తే దేవుడికే కదా మహిమ?" అన్నాడు బాబాయ్. ఆ మహిమలో తన వాటా ఎంతో మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు సౌండు కాస్త పెంచుకుని మొదలుపెట్టాడు. లారీ గుద్దేసి పోయింది. మోటారు సైకిలు మనిషి నెత్తురు మడుగులో పడున్నాడు. అందరూ ఫోన్లు తీశారే గాని ఒక్క చెయ్యీ సాయం రాలేదు.

"అప్పుడు ప్రభువు ఈ అల్పుణ్ణి వాడుకున్నాడు," అంటూ గొంతు వణికించాడు.

అటుగా వస్తున్న వ్యాను ఆపడం, మనిషిని ఎక్కించడం, ఆసుపత్రిలో దింపి పేరైనా చెప్పకుండా వచ్చెయ్యడం, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పాడు. మొదటి వారం అర కిలోమీటరు దూరంలో ఉన్న ఆసుపత్రి నాలుగో వారానికి ఏడు కిలోమీటర్లు జరిగింది.

"పేరు కోసం చేసేవాణ్ణి కాదు నేను," అని ముగించాడు. చప్పట్లు మోగాయి. ఆడవాళ్ళ వైపు కూర్చున్న భార్య మాత్రం బైబిల్లోంచి తలెత్తలేదు.

ఆరాధన అయ్యాక జనం బాబాయ్ చుట్టూ మూగారు. వాళ్ళని తప్పించుకుంటూ ఒకావిడ ముందుకొచ్చింది. పక్కన చంకకర్రల మీద ఆమె భర్త.

"రెండు నెలలుగా మీకోసమే వెతుకుతున్నాం అన్నయ్యా. ఆ రోజు దెబ్బ తగిలింది ఈయనకే. మీ సాక్ష్యం సంగతి తెలిసి వచ్చాం."

"అంతా ప్రభువు దయమ్మా," అన్నాడు బాబాయ్. ఛాతీ మరో అంగుళం పొంగింది.

"ఇంకొక్కచోట కూడా సాక్ష్యం చెప్పాలి అన్నయ్యా, పోలీసుల దగ్గర. ఆ లారీ ఇంతవరకూ దొరకలేదు. ఈయనకేమో ఏమీ గుర్తు లేదు. అన్ని ఫోన్లు తీశారు గాని ఒక్కదాంట్లోనూ నంబరు పడలేదట. ఎల్లుండితో కేసు మూసేస్తామంటున్నారు. మీరు చూసే ఉంటారు కదా?"

అంత పెద్ద కథలో ఆ నంబరు ఒక్కటే బాబాయ్‌కి తెలీదు. నోటికొచ్చిన నాలుగంకెలు చెప్పేద్దామనుకున్నాడు. చంకకర్రల వంక చూస్తే నోరు రాలేదు. జీవితంలో మొదటిసారి నలుగురి మధ్యా సిగ్గేసింది.

"నాకు తెలీదమ్మా," అన్నాడు నేల చూస్తూ. "ఆ రోజు నేనక్కడ లేను."

ఆవిడ మొహం పాలిపోయింది.

"రాసుకో అమ్మా, తొమ్మిది, సున్నా, ఆరు, మూడు," అంది వెనక నుంచి వచ్చిన బాబాయ్ భార్య, "మీ ఆయన్ని వ్యాను ఎక్కిస్తున్నంతసేపూ మర్చిపోకూడదని అదే పైకి అనుకుంటూ ఉన్నాను."