తాయమ్మ కట్టిన పాట

తిరుపతిలో మా కాలేజీ వార్షికోత్సవంలో స్టెల్లాను పాట మధ్యలో వేదిక మీంచి దింపేసింది నేనే. "ఆ యాసేమిటి? ఇదేమన్నా సంతా?" అన్నాను. తెలుగు లెక్చరర్‌ని కదా.

ఆమె మొదటి ఆల్బమ్‌లో అచ్చం నేను నేర్పిన తెలుగులోనే ర్యాప్ పాడింది. ఎవరూ వినలేదు. రెండోది చిత్తూరు యాసలో చేసింది. దాని విడుదలకు తిరుపతిలో హాలు నిండిపోయింది. నన్నూ పిలిచింది. తిట్టడానికేననుకున్నాను. అయినా వెళ్ళాను, బహుశా తిట్టించుకోవడానికే.

స్టెల్లా నన్ను చూపించింది. "ఈ పాట మా మేడమ్‌కి. ఆమె మీద నాకు పగ ఉండాది. అయితే నాకంటే పాత పగ ఈ పాట కట్టినామెది. బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో ఇద్దరం పక్కపక్కన మామిడిపండ్లు కోస్తా ఉంటిమి. ఆమె పాడతా ఉంటే ఇనీ ఇనీ నాకీ నోరొచ్చింది. రా, తాయమ్మవ్వా!"

వేదికెక్కింది మా అమ్మ. ఆమె మాట నా తోటివాళ్ళ చెవిన పడుతుందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తిరుపతికి రానివ్వలేదు నేను.

అమ్మ మైకు అందుకుని నా వైపే చూసింది.

"నలుగుర్లో నోరు తెరవొద్దంటివి గదా పాపా. ఈ పొద్దు నువ్వు తెరువు. నేనెవురో వీళ్ళకు సెప్పు."