మాట వినని మోకాళ్లు

ఓజెలాబి బాబా ఎర్రమట్టి ముంగిట్లో బోర్లా పడుకుని ఉన్నాడు. నుదుటికి దుమ్ము అంటుకుంది.

ఆయన ఎదుట తల ఎత్తి నిలబడాల్సిన అషాబి మోకాళ్ల మీద ఉంది.

“కట్!” అన్నాడు దర్శకుడు కొలాడే. “ఆంటీ, మళ్లీ మోకరిల్లారు.”

“అయ్యో, మళ్లీనా?”

అషాబి తన మోకాళ్ల వంక చూసుకుంది, అవి ఎవరివో అన్నట్టు.

“ఈ సినిమా తీస్తున్నది మీరు కాకపోతే ఈపాటికి తిట్టేవాణ్ణి.”

“తిట్టు నాయనా. వీటికైనా బుద్ధి వస్తుందేమో.”

సినిమాలో ఆమె ఇయాలోదే. పట్నంలోని ఆడవాళ్లందరికీ పెద్ద. ఊరిని శత్రువుకు అప్పగించిన సేనాపతి వచ్చి కాళ్ల దగ్గర సాగిలపడతాడు. ఆమె క్షమించదు. వెనుదిరిగి లోపలికి వెళ్లిపోతుంది.

ఆ సేనాపతి ఓజెలాబి బాబా కావడమే చిక్కు.

ఆయన నాటక బృందంతో లారీలో ఊరూరా తిరిగి నటన నేర్చుకున్న పిల్ల అషాబి. మొదట మాటల్లేని పనిమనిషి. తర్వాత గయ్యాళి సవతి. ఆ తర్వాత కోడల్ని ఏడిపించే అత్త.

ఆ అత్త వేషం చూశాక అబెయోకుటా సంతలో మిరపకాయలమ్మే ఆవిడ బుట్ట వెనక్కి లాక్కుంది. “నోట్లో అంత కారం ఉన్నదానివి, నీకు నా మిరపకాయలెందుకు?” అంది.

ఇప్పుడు అషాబి సొంతంగా సినిమాలు తీస్తోంది. అయినా బాబా ఎదురైతే మోకాళ్లు వంగుతాయి. పెద్దల ముందు ఆడపిల్ల మోకరిల్లాలని నడక రాకముందే అమ్మ నేర్పిన విద్య అది. నటనకు లొంగడం లేదు.

బాబాకు కొన్నేళ్లుగా వేషాలు లేవు. ముసలాయన, మధ్యలో పడిపోతే ఎలా అని అందరూ పక్కన పెట్టేశారు. అషాబి ఆయన ఇంటికి వెళ్లి అడిగినప్పుడు ఆయన పెట్టిన షరతు ఒక్కటే. సాగిలపడేది తానే. తన బదులు ఇంకొకణ్ణి పడుకోబెట్టకూడదు.

కొలాడే ఆమెను పక్కకు పిలిచాడు.

“ఇంకొక్కసారి చూస్తాను ఆంటీ. ఈసారీ కుదరకపోతే ఎవడో కుర్రాణ్ణి పడుకోబెట్టి, వాడి వీపు మాత్రం కెమెరాలో పట్టేస్తాను. ఆయన నడుం విరిగితే పాపం మనకు.”

“ఆయన ఒప్పుకోడు.”

“మరి మీరు నిలబడండి.”

“నాకు చెవులున్నాయి రోయ్!” నేల మీద నుంచే అరిచాడు బాబా. “నా వీపుకు ఇంకొకడి వీపా?”

దుస్తులు చూసే సిదికత్ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“మాట వినని మేకను ఏం చేస్తాం? కట్టేస్తాం” అంది.

వంటవాళ్ల దగ్గరికి వెళ్లి, అమాలా ముద్ద కలిపే చెక్క తెడ్లు రెండు తెచ్చింది. అషాబి మోకాళ్ల వెనక ఒక్కోటి పెట్టి, గుడ్డతో బిగించి, పైన బట్ట సర్దింది.

“యాక్షన్!”

బాబా సాగిలపడ్డాడు.

అషాబి మోకాళ్లు వంగలేదు. మనిషే పడింది. తెడ్లతో సహా, నరికిన అరటిచెట్టులా, బాబా పక్కన.

ముంగిలంతా గొల్లున నవ్వింది. కెమెరా అబ్బాయి పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. “తెడ్లు విరిగాయా? వంటామె నన్ను ముద్ద కలిపేస్తుంది!” అంటూ సిదికత్ పరిగెత్తుకొచ్చింది.

బాబా మాత్రం కదల్లేదు. మట్టికి చెంప ఆనించి, పక్కనే పడి ఉన్న అషాబిని చూశాడు.

“దెబ్బ తగిలిందటే?”

“లేదు బాబా. మీకు?”

“నా సంగతి సరే. నేనెవరి ముందు పడుకున్నాననుకుంటున్నావు?”

అషాబి తడబడింది. “నా ముందే కదా...”

“నీ ముందా! లారీలో నా వాటా వేయించిన అరటిముక్కలు దొంగతనంగా తిన్నదానివి, నీకు నేను సాగిలపడతానా? అనుకోవడానికి సిగ్గన్నా లేదే నీకు!”

ఆమె పడుకునే నవ్వింది.

“నేను ఇయాలోదే కోసం వచ్చాను” అన్నాడు బాబా. గొంతు తగ్గింది. “పొద్దుటి నుంచీ చూస్తున్నాను. ఆమె ఇంకా రాలేదు. వచ్చినప్పుడల్లా నువ్వే వస్తున్నావు.”

ఆమె నవ్వు ఆగింది.

“వెళ్లి ఆమెను పంపించు.”

అషాబి లేచి తెడ్లు విప్పించుకుంది. సిదికత్ ఆమె తలగుడ్డ మళ్లీ చుడుతూ, “మోకాళ్లకు గుడ్డ వదులుగానైనా కట్టనా అక్కా?” అంది.

“వద్దు.”

బాబా మళ్లీ గుమ్మం దాకా వెళ్లి నడుచుకుంటూ వచ్చాడు. కత్తి తీసి నేల మీద పెట్టాడు. ముందు మోకాళ్లు ఆనాయి. తర్వాత అరచేతులు. తర్వాత ఛాతీ. చివరికి నుదురు.

ఆ వయసు మనిషి నేలను చేరడానికి పట్టినంత సేపూ ఆమె చూసింది.

మెడ కూడా వంగలేదు.

“నీ యుద్ధానికి మా ఆడవాళ్లు తలల మీద అన్నం మోశారు” అంది. “ఆ దారినే నువ్వు శత్రువుకు చూపించావు. నీకు క్షమాపణ లేదు.”

బాబా వీపు వణికింది. నటనో, నడుమో ఎవరికీ తెలియలేదు.

ఆమె వెనుదిరిగి లోపలికి వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది.

కొలాడే “కట్” అన్నాడు. ముంగిలంతా చప్పట్లు.

బాబా ఇంకా బోర్లానే ఉన్నాడు.

సిదికత్ భయంగా వంగి చూసింది. “బాబా?”

ఆయన ఒక కన్ను తెరిచాడు.

“ఇయాలోదే వెళ్లిపోయిందా?”

“వెళ్లిపోయింది బాబా.”

“అయితే ఆ పిల్లను పిలు. వచ్చి నన్ను లేపమను.”