నాయన దగ్గు

"ఇంగ్లండుకు పోవద్దమ్మా," అన్నాడు నారాయణప్ప.

అమరావతి నవ్వింది. నాయన తమాషా చేస్తున్నాడనుకుంది. అనుకోదా మరి! సీటొచ్చిందని ఉత్తరం అందిన రోజు పుంగనూరు చింతపండు మండీలో అందరికీ బెల్లం పంచిన మనిషి. "నా బిడ్డ కెమిస్ట్రీలో డాక్టరేటు సెయ్యబోతాండాది" అని దారిన పోయేవాళ్ళను కూడా నిలేసి చెప్పిన మనిషి.

"యాల నాయనా?"

నారాయణప్ప సంచిలోంచి పెద్ద కవరు తీశాడు. యూనివర్సిటీవాళ్ళు ఛాతీ ఎక్స్‌రే కూడా కావాలన్నారు. పోయిన వారం మదనపల్లెలో తీయించుకుంది. నాయన కూడా ఎప్పుడూ దగ్గుతూ ఉంటాడని, పోరు పెట్టి ఆయనకూ తీయించింది. రిపోర్టులు తేవడానికి పొద్దున ఆయన ఒక్కడే వెళ్ళాడు.

"నీది బాగుండాది. నాదే బాగలేదు. మీ యమ్మకొచ్చిందే. క్షయ."

అమరావతి ఆ కవరు తెరిచి చూడలేకపోయింది. పదేళ్ళ వయసులో అమ్మ ఆ జబ్బుతో రక్తం కక్కుకుని పోవడం చూసింది. అమ్మ మంచాన ఉన్న రెండేళ్ళూ చుట్టాలెవరూ వాకిలి తొక్కలేదు.  అట్లా బతికేకంటే బావిలో దూకడం మేలని నాయనతో ఎన్నిసార్లందో.

"ఆస్పత్రిలో సేరు నాయనా. మునెమ్మత్త వచ్చి సూసుకుంటాది. మూడేండ్లలో నేను వచ్చేస్తా గదా!"

"ఆస్పత్రి వద్దు, అత్తా వద్దు. నువ్వే నా పక్కన ఉండాల. నువ్వు పోతే నేను బతకను."

ఎంత మాట! కన్నతండ్రి అనవలసిన మాటేనా అది?

ఒక ఏడాది ఆగుతారా అని అమరావతి యూనివర్సిటీకి తంతి కొట్టింది. కుదరదని జవాబు వచ్చింది. వారం రోజులు పెట్టె సర్దింది, మళ్ళీ విప్పింది. నాయన దగ్గినప్పుడల్లా అమ్మ గుర్తొచ్చేది. చివరికి రానని ఉత్తరం రాసి, తానే పోస్టు చేసి వచ్చింది.

"పోస్టు సేసినా. సంతోషమే గదా ఇంక?"

నారాయణప్ప తన మంచం వసారాలోకి లాక్కున్నాడు. తన కంచం, చెంబు వేరు పెట్టుకున్నాడు.

వైద్యం ఏడాదిన్నర సాగింది. ఇంట్లోవాళ్ళు కూడా ముందుజాగ్రత్తగా మందు తినాలని డాక్టరు చెప్పాడంటూ ఆమెకూ రోజూ మాత్రలిచ్చేవాడు. మింగి నోరు తెరిచి చూపించేదాకా కదిలేవాడు కాదు. తన మాత్రలు మాత్రం గోడవైపు తిరిగి వేసుకునేవాడు.

"డాక్టరు నిన్ను తినమన్న గుడ్లు, పాలు నాకు పెడతావేంది?"

"నాకు సయించవమ్మా. పారబోస్తామా?"

అదీ వరస. సాయంత్రమైతే అమరావతికి ఒళ్ళు వెచ్చబడేది. ఏడ్చి ఏడ్చి వచ్చిన వేడి అనుకునేది.

చూడడానికొచ్చిన మునెమ్మత్త తన తమ్ముణ్ణి వాకిట్లోనే కడిగేసింది. "ఏమి మనిషివిరా! నీ దగ్గు కోసరం బిడ్డ బతుకు నాశనం సేసినావే! దాన్ని పొమ్మనడానికి నీకు నోరెట్ల రాలేదురా?"

నారాయణప్ప తల దించుకుని దగ్గాడు. ఎవరేమడిగినా ఆయన జవాబు అదే.

పంతొమ్మిదివందల డెబ్భైయారులో ఇద్దరికీ మళ్ళీ ఎక్స్‌రే తీశాక, జబ్బు పూర్తిగా నయమైందని మదనపల్లె డాక్టరు చెప్పాడట. ఆ రోజు నారాయణప్ప దేవుడి పటం ముందు సాగిలపడి, చాలాసేపు లేవలేదు. తన ప్రాణమంటే ఎంత తీపో చూడు అనుకుంది అమరావతి. ఆ వారమే కుప్పంలో టీచరు ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది.

ఆయన ఊరుకోలేదు. నెలకోసారి బస్సెక్కి కుప్పం వచ్చి బడి గేటు దగ్గర నిలబడేవాడు. చేతిలో గుడ్ల బుట్ట. అడిగేది ఎప్పుడూ ఒకటే.

"దగ్గు గిగ్గు ఏం లేదు గదమ్మా?"

ఒకరోజు అమరావతికి ఒళ్ళు మండింది. "దగ్గు నాది కాదు, నీది! నా సదువు తినేసింది ఆ దగ్గే. ఇంకొకసారి ఈడికి రావద్దు."

ఆయన బుట్ట గేటు పక్కన పెట్టాడు. ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. "ఒళ్ళు సేసినావు. సాలమ్మా," అని బస్టాండువైపు నడిచాడు. ఆ తర్వాత రాలేదు. ఆ గుడ్లు అటెండరు పట్టుకుపోయాడు.

ఎనభైమూడులో నారాయణప్ప గుండెపోటుతో పోయాడు. అమరావతి పుంగనూరు వెళ్ళింది. అందరూ ఏడ్చారు. ఆమె మాత్రం ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. తొమ్మిదేళ్ళ కోపం ఒక్క రోజులో పోతుందా?

మరుసటి ఏడాది ఆమె ఇంకో యూనివర్సిటీకి రాసింది. ముప్పైరెండేళ్ళ వయసులో మళ్ళీ సీటొచ్చింది. మళ్ళీ ఛాతీ ఎక్స్‌రే అడిగారు. మళ్ళీ మదనపల్లె. పోదామా వద్దా అని ఈసారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అడ్డంపడేవాళ్ళు ఎవరున్నారు గనక?

కొత్త డాక్టరు ఫిల్మును కిటికీ వెలుగులో పెట్టి చూశాడు.

"పోవచ్చా డాక్టరుగారూ?"

"నిక్షేపంగా పోవచ్చమ్మా," అన్నాడాయన. "ఎప్పుడో పదేండ్ల కింద మీకొచ్చిన క్షయకు ఎవరో దగ్గరుండి మందులు మింగించినట్టుండారు, మచ్చ పూర్తిగా మానిపోయిండాది."