గేటు తీసేదాకా

తిరుపతిలో ఎమ్మే తెలుగు మొదటి క్లాసు. పేరు, ఊరు, సాహిత్యంతో అనుబంధం చెప్పమన్నారు శేషసాయి సారు.

సాహిత్యం ఒకరికి ఊపిరి, ఒకరికి ప్రాణం, ఇంకొకరికి కన్నతల్లి. పుస్తకం పేరు మాత్రం ఒక్కరి నోటా రాలేదు. సారూ అడగలేదు. మురిసిపోతూ వింటున్నారు.

చిత్తూరు నుంచి వచ్చిన కోమలి లేచింది.

"నేను ఏడాదికొక పుస్తకం సదువుతాను సార్. తిరుమలకు పోయినప్పుడే. ఫోను ముందే తీసిపెట్టుకుంటారు గదా, దర్శనానికి కంపార్ట్‌మెంటులో కూసోబెట్టి గేటు తీసేదాకా ఇంకేం జేసేది? పోయినేడు లావు నవల ఎత్తుకుపోయినాను. రద్దీ లేదని సగంలోనే గేటు తీసేసినారు. మిగతా కత ఈయేడు పోతేనే."

క్లాసు పగలబడి నవ్వింది. సాహిత్యానికి ఇంత అవమానం సారు తన సర్వీసులో చూడలేదు. మొహం చిట్లించారు.

"కంపార్ట్‌మెంటుకు మీరేం పుస్తకం ఎత్తుకుపోతారు సార్?" కోమలి వినయంగానే అడిగింది.

సారు కండువా సర్దుకున్నారు. "నాకు కంపార్ట్‌మెంటేందమ్మా! కొండమీద మనవాళ్లుండారు. పదేండ్లుగా బ్రేక్ దర్శనమే. ఇట్ల పోయి అట్ల వచ్చేస్తాను."

"అయ్యో పాపం!" అంది కోమలి. "పదేండ్లా సార్!"