ఊడే చెయ్యి

"మీట లాగు," అంది వదిన.

మా షెడ్డులో కట్టుకున్న కొత్త జలాంతర్గామి సీట్లో కూర్చుని లాగాను. ముందున్న ఇనుప చెయ్యి ఊడి దభీమని నేల మీద పడింది. ఇది పదోసారి. తన కళ్ళముందు పదిసార్లు ఊడితే తప్ప నీళ్ళలోకి దింపనివ్వనంది వదిన.

"ఇక వలలో చిక్కుకున్నా భయం లేదు వదినా. చేతిని అక్కడే వదిలేసి పైకి వచ్చేయొచ్చు."

పోయినేడు సరస్సు అడుగున పాతదాని చెయ్యి వలలో చిక్కుకుంది. దానికీ మీట ఉంది. కానీ ఊడాల్సిన చోట వెల్డింగ్ చేసేసి ఉంది. అన్నయ్య ప్రాణాలతో పైకి రాలేదు. వదులుగా ఊగుతోందని ఆయనే అతికేశాడని, నేను మొత్తుకున్నా వినలేదని అందరికీ చెప్పాను.

వదిన కిందపడ్డ చేతిని తిప్పి, దానికి నేను వేసిన వెల్డింగ్‌ని వేలితో తడిమింది. తరవాత మూలకు వెళ్ళి, పాత జలాంతర్గామి మీద ఏడాదిగా ఎవరూ ముట్టని టార్పాలిన్ పట్టా తీసింది. పాత చేతినీ అలాగే తడిమింది. చాలాసేపు తడిమింది.

"మీ అన్నయ్యది ఎడమచేతి వాటం. ఆయన అతుకులో గీతలు ఎడమకి వాలతాయి. నాకు వెల్డింగ్ నేర్పిందే ఆయన, ఆ మాత్రం గుర్తుపట్టనా? ఇవి రెండూ కుడికే వాలాయేంటి?"

నేను మీటని గట్టిగా పట్టుకున్నాను.

"అంటే ఆయన మీట లాగుతూనే ఉన్నాడన్నమాట," అంది మెల్లగా. "నువ్వు అతికేశావని తెలీక."

నేనింకా మీట పట్టుకునే ఉన్నాను. చెయ్యి ఎప్పుడో ఊడిపోయింది. అయినా లాగుతూనే ఉన్నాను.