ఇనప కుప్ప

“ఆ కేక మాత్రం వెయ్యకు ముసాఇద్, గడ్డం పట్టుకుని బతిమాలుతున్నా,” అన్నాడు ధారీ, దళారి చేతిలోని మైకుకు అడ్డం పడి.

సౌదీలోని బురైదా కార్ల సంతలో ఆ కేక వినపడని పొద్దు ఉండదు. “ఇనప కుప్ప! నీళ్లలో కలిసిన పంచదార!” అని దళారి అరిచాడంటే లెక్క తేలిపోయినట్టే. బండికి ఏ రోగముందో అమ్మేవాడు చెప్పడు, కొన్నవాడు రేపొచ్చి అడగకూడదు. ఆ కేక కిందే ధారీ ఈ పసుపుపచ్చ రెండు టర్బోల కారు కొన్నాడు. కొత్తదాని ధరలో మూడో వంతుకే చేతికొచ్చిందని ఆ రోజు ఎగిరి గంతేశాడు. ఏనుగును కొనడం తేలికే, మేపడమే కష్టమని తెలిసొచ్చేసరికి, కడుతున్న ఇల్లు స్తంభాల దగ్గరే ఆగిపోయింది.

“ఇవాళ అది అమ్ముడుపోకపోతే నేను పిల్లల్ని తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతాను. నువ్వూ నీ కారూ ఆ స్తంభాల మధ్య కాపురం చేసుకోండి,” అని భార్య జవాహిర్ పొద్దున్నే తేల్చి చెప్పింది. ఆమె తప్పు లేదు. అద్దె గదుల్లో వేగి వేగి ఆమె కూడా అలిసిపోయింది.

“కేక వెయ్యకుండా ఎట్లా అమ్మమంటావురా?” ముసాఇద్ విసుక్కున్నాడు.

“ఉన్నదున్నట్టు చెప్పి అమ్ముదాం. నా నోట్లో కొట్టిన మట్టి ఇంకొకడి నోట్లో కొట్టలేను.”

“నీ నిజాయితీ తగలెయ్య! దాంతో ఇంటికి కప్పు పడుతుందా?”

అడిగినవాళ్లందరికీ ధారీ నిజమే చెప్పాడు. విన్నవాళ్లు విన్నట్టే జారుకున్నారు. ఒకడైతే “అమ్మడానికొచ్చావా, ఏడవడానికొచ్చావా?” అని నవ్వి మరీ పోయాడు. ఎండ నెత్తికెక్కింది. ధారీకి కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఎక్కడో ఒకచోట చాప పరుచుకుని పడుకుంటే చాలనిపించింది.

అప్పుడొచ్చాడు ఆ పెద్దాయన. నెరిసిన గడ్డం, ఇస్త్రీ చెదరని తెల్ల అంగీ. కారు చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగి, ధారీ ఎదురుగా నిలబడ్డాడు.

“నన్ను అబూ రాకాన్ అంటారు నాయనా. ఇది నీదేనా?”

అబూ అంటే తండ్రి, అంటే పెద్దకొడుకు పేరు రాకాన్ అన్నమాట. “నాదే బాబాయ్. రాకాన్ కోసమా?”

“కాదు, వాడి తమ్ముడి కోసం. కొంటే ఇట్లాంటిదే కొనాలట. తిండి మానేసి కూర్చున్నాడు. సరే, ఏం రోగాలున్నాయి దీనికి?”

ముసాఇద్ కళ్లతోనే బెదిరించాడు. ధారీ పట్టించుకోలేదు.

“ఒకటా రెండా బాబాయ్! టర్బోలు రెండూ మార్పించాను. అయినా నూనె కారుతూనే ఉంది. చిన్న గొట్టం మార్చాలన్నా ఇంజిన్ మొత్తం కిందికి దించాల్సిందే. మన ఊళ్లో దీన్ని ముట్టుకునేవాడు లేడు. లారీ ఎక్కించి రియాద్ పంపాలి.”

“విడిభాగాలో?”

“సముద్రం దాటి రావాలి. నెలలు పడుతుంది.”

“అన్నాళ్లూ బండి ఎక్కడుంటుంది?”

“షెడ్డులోనే. నేనే అప్పుడప్పుడు చుట్టపుచూపుగా వెళ్లి చూసొచ్చేవాణ్ణి.”

పెద్దాయన తల పంకించాడు. ధర విరగ్గొట్టడానికే లోపాలు తవ్వుతున్నాడనుకున్నాడు ధారీ. తవ్వుకోనీ. దాచడానికైనా ఓపిక ఉండాలి కదా!

“మరి రోడ్డు మీద ఎట్లా పోతుంది?”

“పోతే కదా! కాస్త వేగం అందుకోగానే ఎదురుగా హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఇక ఎంత తొక్కినా గాడిద నడకే.”

“ఎప్పుడూ అంతేనా? ఒక్కోసారి బాగా పరిగెత్తుతుందేమో?”

“అల్లా మీద ఒట్టు బాబాయ్. నా దగ్గర ఒక్కనాడూ పరిగెత్తలేదు.”

“కుర్రాళ్లెవరైనా తక్కువలో బాగుచేసుకోగలరా?”

“తలకిందులైనా చెయ్యలేరు. శుభ్రంగా తుడుచుకుని, పక్కన నిలబడి ఫొటోలు దిగడానికి తప్ప దేనికీ పనికిరాదు.”

పెద్దాయన ముఖం విప్పారింది. “బిస్మిల్లా,” అని ధారీ చెప్పిన ధరకే, ఒక్క రియాలు తగ్గించమనకుండా చెయ్యి కలిపాడు. ముసాఇద్ నోరు వెళ్లబెట్టాడు.

ఇక ఫోనులో బండిని ఆయన పేరుకు మార్చడానికి ఒప్పుకోవడమే మిగిలింది. ఒక్క మీట నొక్కితే చాలు, బండి పీడ విరగడవుతుంది, ఇంటికి కప్పు పడుతుంది. జవాహిర్ ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! అయినా ధారీ వేలు కదలలేదు. ఇన్ని చెప్పినా కొంటున్నాడంటే ఈ మనిషికి చెప్పింది ఎక్కలేదు. పాపం, కొడుకు మీద ప్రేమతో కళ్లు మూసుకుని గోతిలో దిగుతున్నాడు.

“బాబాయ్, ఇంకా మించిపోయింది లేదు,” అన్నాడు నీరసంగా. “ఈ డబ్బుకి మంచి కొత్త బండి వస్తుంది. ఏళ్ల తరబడి చెడదు, ఎక్కడా ఆగదు. మీవాడికి అది కొనివ్వండి.”

ముసాఇద్ తల పట్టుకుని పక్కకు తిరిగిపోయాడు.

పెద్దాయన ధారీ వేలిని తన చేత్తో పట్టుకుని ఆ మీట మీద నొక్కించాడు.

“మా రాకాన్‌ని పొట్టన పెట్టుకున్నది ఏనాడూ చెడని బండే, నాయనా.”